ఆ రీడింగుల కాగితం మాకివ్వండి: బోరు పాయింట్లు చూసే జియాలజిస్టులకు ఒక మెట్ట రైతు బహిరంగ లేఖ

రాయలసీమ పల్లెల్లో బోరు పాయింట్లు చూసే జియాలజిస్టులకు, సర్వే మిషన్లు నడిపేవారికి, బోరు వేసే రిగ్గు బండ్ల యజమానులకు, భూగర్భ జలాల బాధ్యత చూసే అధికారులకు

అయ్యా, అమ్మా, నమస్కారం.

మీ చదువు మీద నాకు గౌరవం ఉంది. నాలుగు ఇనుప కడ్డీలు పాతి, కాస్త కరెంటు పంపి, కంటికి కనబడని నీటి జాడ చెప్పే విద్య మామూలు విద్య కాదు. ఆ విద్య మా ఊళ్లకు కావాలి కాబట్టే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

నాది అనంతపురం జిల్లా. ఆరున్నర ఎకరాల మెట్ట. మూడెకరాల్లో చీనీ (బత్తాయి) తోట, మిగతాది వానను నమ్ముకుని వేసే వేరుశనగ, కంది. మాకు ఏడాదికి సగటున పడే వాన 550 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. అది కూడా పైరుకు కావాల్సినప్పుడు రాదు. మా తాత కపిల తోలిన బావి లోతు 40 అడుగులు. మా నాన్న దాన్ని 60 అడుగులకు దించి ఆయిల్ ఇంజన్ పెట్టాడు. ఇప్పుడు ఆ బావిలో కంపచెట్లు మొలిచాయి.

గత మూడేళ్లలో నేను నాలుగు బోర్లు వేశాను. మొదటి రెండూ అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడిచే పెద్దాయన చూపిన చోట, మూడోది రిగ్గువాళ్లు చూపిన చోట. వాటిలో ఒకటి ఏడాదిన్నర నీళ్లిచ్చి ఆగిపోయింది. మిగతా రెండూ మొదటి రోజే పొడి. నాలుగోదానికి మా అబ్బాయి, "నాన్నా, ఈసారి సైన్సును నమ్ముదాం" అన్నాడు. నాకూ అదే సరైందనిపించింది. మిషన్‌తో సర్వే చేసే ఒకాయనను పిలిపించాం.

ఏప్రిల్ నెల. నేల పెంకులా ఉంది. ఆయన ఇద్దరు కుర్రాళ్లతో వచ్చారు. వైరు అటు 30 మీటర్లు, ఇటు 30 మీటర్లు లాగారు. తూర్పు వైపు పక్క రైతు ముళ్లకంచె అడ్డం వచ్చిందని అక్కడితో ఆపేశారు. కరెంటు నేలలోకి బాగా దిగేందుకు ఎండిన నేలలో పాతిన కడ్డీల మొదట్లో చెంబెడు నీళ్లు కూడా పోయలేదు. ఇరవై నిమిషాల్లో పని అయిపోయింది. సున్నంతో ముగ్గు గీసి, "ఇక్కడ 650 అడుగుల్లో రాతిలో గ్యాప్ ఉంది, రెండించుల నీళ్లు పడతాయి" అన్నారు. మా ఇంటావిడ అక్కడే టెంకాయ కొట్టింది.

ఆ రాత్రి బోరు బండి వచ్చింది. 60 అడుగుల దగ్గర కాస్త తడి మట్టి కనిపించింది. ఆ తర్వాత గట్టిరాయి, దుమ్ము. 650 దాటింది, దుమ్మే. "ఇంకో వందడుగులు చూద్దాం, దగ్గరకొచ్చి ఆపకూడదు" అన్నారు. చూశాం. 780 అడుగుల దగ్గర, తెల్లవారుజామున మూడింటికి, నేనే ఆపమన్నాను. సర్వేకు మూడు వేలు, రిగ్గుకూ కేసింగ్‌కూ కలిపి లక్షా పది వేలు. దాని కోసం కుదువ పెట్టిన గొలుసు ఇంకా ఇంటికి రాలేదు.

ఇంతవరకూ నా దురదృష్టం అనుకుని ఊరుకున్నాను. నెల తర్వాత మా ఇంటికొచ్చిన ఒక బంధువు, కాలేజీలో ఫిజిక్స్ చెప్పే అబ్బాయి, సంగతంతా విని ఒకే ప్రశ్న అడిగాడు. "మామా, వైరు ఎంత దూరం లాగారు?"

చెప్పాను. కాగితం తీసుకుని గీసి చూపించాడు. వైరు ఎంత దూరం లాగితే కరెంటు అంత లోతుకు దిగుతుంది. అటు 30 మీటర్లు, ఇటు 30 మీటర్లు లాగితే, ఎంత ఉదారంగా లెక్కేసినా 30 మీటర్ల లోతు దాటి కనబడదు. అంటే నూరడుగులు. "650 అడుగుల మాట మిషన్ చెప్పింది కాదు మామా, ఆయన చెప్పింది" అన్నాడు.

అప్పుడు ఆ సర్వే చేసినాయనకు ఫోన్ చేసి, గొడవకు కాదు, ఆ రోజు తీసిన రీడింగులు చూపించమని మాత్రమే అడిగాను. "అవి మీకు అర్థం కావండీ" అన్నారు. రెండోసారి ఫోన్ ఎత్తలేదు. రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం రాశాను, జవాబు లేదు. ఒక కార్యాలయంలో అర్జీ ఇచ్చాను, రసీదు నా దగ్గరుంది. ఎనిమిది నెలలైంది. ప్రైవేటు సర్వేతో తమకు సంబంధం లేదని నోటిమాటగా చెప్పి పంపారు. ఎవరి పేరూ ఇక్కడ రాయడం లేదు. ఒక మనిషిని నిలదీస్తే తీరే సమస్య కాదిది. మా చుట్టుపక్కల బోరు వేసిన ఏ ఇంట్లో అడిగినా రీడింగుల కాగితం చూసినవాళ్లు నాకు కనబడలేదు.

ఈ ఎనిమిది నెలల్లో నేను ఈ పద్ధతి గురించి తెలుసుకున్నంత రాస్తాను. తప్పుంటే సరిదిద్దండి. సాటి రైతులు కూడా ఇది చదువుతారు, వాళ్లకు తెలియాలి.

ఇదేమీ కొత్త విద్య కాదు. 1910లలోనే ఫ్రాన్స్‌లో ష్లంబర్జర్, అమెరికాలో వెన్నర్ దీనికి దారి వేశారు. ఈ రోజుకీ మీరు కడ్డీలు పాతే వరసలను వాళ్ల పేర్లతోనే పిలుస్తారు. బయటి రెండు కడ్డీల గుండా భూమిలోకి కరెంటు పంపుతారు. లోపలి రెండు కడ్డీల మధ్య వోల్టేజీ కొలుస్తారు. దాన్నిబట్టి నేల కరెంటుకు ఎంత అడ్డుపడుతోందో లెక్క తేలుతుంది. బయటి కడ్డీలను మెట్టుమెట్టుగా దూరం జరిపే కొద్దీ ఇంకా లోతు సంగతి తెలుస్తుంది. ఆ అడ్డుపడే గుణాన్ని ఓమ్-మీటర్లలో చెబుతారు. మా దగ్గర ఉండే గ్రానైట్, నైస్ అనే గట్టిరాళ్ల నేలలో నీరు నిండిన మొరం పొర సుమారు 20 నుంచి 150 ఓమ్-మీటర్ల మధ్య చూపిస్తుంది. పగుళ్లు లేని గట్టిరాయి వేలల్లో చూపిస్తుంది. 20 కంటే తక్కువ వస్తే అది సుద్దమట్టి కావచ్చు, ఉప్పునీళ్లయినా కావచ్చు.

మాకు ఎవరూ చెప్పనిది ఇక్కడే ఉంది. మిషన్ నీటిని చూడదు. కరెంటు ఎక్కడ సులువుగా పారుతోందో అదే చూస్తుంది. తడి మొరంలోనూ పారుతుంది, సుద్దలోనూ పారుతుంది. ఏది ఏదో తేల్చాల్సింది ఆ మిషన్ వెనక నిలబడిన మనిషి. ఆయన పక్క బావుల్లోకి తొంగి చూశారా, రాయి ఎటు వాలి ఉందో చూశారా, నల్లరాతి గట్టు ఎటు పోతోందో చూశారా అన్నదాని మీద అంతా ఆధారపడి ఉంటుంది. ఇంకొకటి. గట్టిరాయిలో ఆరేడు వందల అడుగుల లోతున వేలెడు మందం పగులు ఉంటే, దాన్ని పైనుంచి ఈ పద్ధతిలో పట్టుకోవడం దాదాపు కుదరదు. ఆ లోతుకు చూపు పోవాలంటే కనీసం 200 మీటర్లు అటు, 200 మీటర్లు ఇటు వైరు లాగాలి, నిజానికి ఇంకా ఎక్కువే కావాలి. అంత లాగినా అంత సన్నటి పగులు మిగతా రాతి లెక్కలో కలిసిపోతుంది. మరి మా ఊళ్లలో అడుగులతో సహా, ఇంచులతో సహా ఎలా చెబుతున్నారు?

అయినా ఈ విద్య పనికిరాదని నేను అనను. బాగా చేస్తే ఎంత మేలో కళ్లారా చూశాను.

మా పక్క ఊరిలో నాకు వరసకు బావ అయ్యే ఒకాయన ఉన్నాడు. ఆయన పొలం చూడడానికి రిటైరైన ఒక జియాలజిస్టు వచ్చారు. పొద్దున ఏడింటికి వచ్చి మొదటి రెండు గంటలు మిషన్ బయటికే తీయలేదు. చుట్టూ ఉన్న పాత బావులు చూశారు, ఏ బావిలో ఏ లోతున రాయి తగిలిందో ముసలివాళ్లను అడిగారు. పొలానికి అడ్డంగా పోయే నల్లరాతి వరస వెంట నడిచారు. దాన్ని డోలరైట్ డైక్ అంటారట. భూమిలో గోడలా నిలబడి పై నుంచి వచ్చే నీటికి కొన్నిచోట్ల అడ్డుకట్టలా పనిచేస్తుందని చెప్పారు. గోడకు ఎగువన ఒక చోట, దిగువన ఒక చోట సర్వే చేశారు. ఒక్కో చోటికీ గంటకు పైనే పట్టింది. కడ్డీల దగ్గర ఉప్పునీళ్లు పోయించారు. పైన పోతున్న 11 కేవీ లైనుకు దూరంగా జరిగి, వైరు దిశ మార్చుకున్నారు. ఎగువన మొరం పొర మందంగా ఉందని గుర్తు పెట్టారు. 140 అడుగుల్లో ఒకటిన్నర ఇంచుల నీళ్లు పడ్డాయి.

అదే మనిషి అదే రోజు మా బావ తమ్ముడి పొలం చూసి, "ఇక్కడ బోరు వద్దు నాయనా, ఇరవై అడుగుల నుంచే గట్టిరాయి. ఆ డబ్బుతో ఫారం పాండ్ తవ్వుకో" అన్నారు. ఆ "వద్దు" అన్న మాట ఒక కుటుంబాన్ని లక్ష రూపాయల అప్పు నుంచి కాపాడింది. మాకు కావాల్సింది అలాంటి జియాలజిస్టులు. అలాంటివాళ్లు మీలో చాలామందే ఉంటారని నా నమ్మకం.

సరిగా చేయని సర్వే వల్ల మా ఇళ్లలో ఏం జరుగుతోందో ఇప్పుడు చెబుతాను.

1. పొడి బోరు ఒక్కదానితో పోదు. లక్ష పోగొట్టుకున్నవాడు ఆ లక్ష వెనక్కి రావాలంటే ఇంకో బోరు వేయాలి అనుకుంటాడు. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తాడు. ఆ అప్పు వేరుశనగతో తీరదు, నీళ్లు పడితేనే తీరుతుంది. నీళ్లు పడవు. ఇలా మూడు, నాలుగు, ఐదు బోర్లు వేసి పొలం అమ్ముకుని బెంగళూరుకు కూలికి పోయినవాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు. ఊరు వదలలేక, అప్పులవాళ్లకు మొహం చూపించలేక ప్రాణం తీసుకున్నవాళ్ల ఇళ్లకూ నేను వెళ్లి కూర్చున్నాను. అంతకంటే ఎక్కువ రాయలేను.

2. చీనీ చెట్టు కాపుకు రావడానికి ఐదేళ్లు దాటుతుంది. ఒక్క ఎండాకాలం నీళ్లు లేకపోతే చచ్చిపోతుంది. పోయిన మే నెలలో మేము ట్యాంకర్లతో నీళ్లు తోలి చెట్టుకు నాలుగు బిందెల లెక్కన పోశాం. సగం తోట బతికింది. బోరు పాయింట్ చూసే మనిషికి అది ఒక ఉదయం పని. మాకు అది ఐదేళ్ల కష్టం.

3. పంచాయతీ తాగునీటి బోర్లకూ ఇదే గతి. అక్కడ బోరు ఫెయిలైతే ఊరు ఊరంతా ట్యాంకర్ కోసం ఎదురు చూస్తుంది. ఆడవాళ్లూ బడికి పోవాల్సిన పిల్లలూ బిందెలు పట్టుకుని నిలబడతారు. ఇంకో సంగతి కూడా ఉంది. ఈ సర్వేలో నీటి ఉప్పదనం కొంతవరకు తెలుస్తుంది కానీ ఫ్లోరైడ్ తెలియదు. గ్రానైట్ నేలల్లో లోతు బోర్ల నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండే ప్రమాదం ఉంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదు. దాని వల్ల నల్గొండ జిల్లాలో ఎముకలు వంగిపోయిన మనుషులను అప్పటి ఉమ్మడి రాష్ట్రమంతా చూసింది. నీళ్లు పడ్డాయని సంబరపడి పరీక్ష చేయించకుండానే తాగే ఊళ్లు ఇంకా ఉన్నాయి. పాయింట్ చూపించినప్పుడే "నీళ్లు పడితే ముందు పరీక్ష చేయించండి" అని ఒక్క మాట చెప్పడానికి ఏం ఖర్చవుతుంది?

4. నూరడుగుల్లో దొరకలేదని ఆరు వందలకు, ఆరు వందల్లో దొరకలేదని వెయ్యికి పోతున్నాం. లోతు బోరు వేసిన రైతుకు నీళ్లు పడితే, పక్కనే తక్కువ లోతు బోరున్న చిన్న రైతుది ఎండిపోవచ్చు. అన్నదమ్ముల మధ్య మాటలు పోయిన ఇళ్లు తెలుసు. గట్టు తగాదాలు మాకు పాతవే, ఇప్పుడు ఈ బోరు తగాదాలు కూడా కలిశాయి.

5. ఫెయిలైన ప్రతి బోరూ నేలలో ఆరున్నర ఇంచుల గొయ్యి. కేసింగ్ పైపు కూడా పీక్కుపోతారు, అది వేరే బోరుకు పనికొస్తుందని. మూత లేని గొయ్యి మిగులుతుంది. అందులో పసిపిల్లలు పడిన వార్తలు ఏడాదికోసారైనా వింటూనే ఉన్నాం. 2010లోనే సుప్రీంకోర్టు దీని మీద స్పష్టమైన ఆదేశాలిచ్చింది. వదిలేసిన బోరును అడుగు నుంచి నేల మట్టం వరకూ మట్టి, ఇసుక, రాళ్లతో పూడ్చాలి. ఏ ఊళ్లో ఎన్ని బోర్లు పనిచేస్తున్నాయి, ఎన్ని వదిలేశారు, ఎన్ని పూడ్చారు అన్న లెక్క జిల్లా స్థాయిలో ఉంచాలి. మా ఊళ్లో ఆ లెక్క అడగడానికి ఎవరూ వచ్చినట్టు నాకు తెలియదు.

6. నాకు ఎక్కువ దుఃఖం కలిగించేది చివరగా చెబుతున్నాను. నాలుగో బోరుకు సైన్సును నమ్మి ఓడిపోయాక ఊళ్లోవాళ్లు మా అబ్బాయిని "ఏమైందిరా నీ సైన్సు?" అని అడుగుతున్నారు. కొబ్బరికాయ పెద్దాయన మంచివాడు, ఎవరి దగ్గరా వంద రూపాయలకు మించి తీసుకోడు. ఆయన మీద నాకు కోపం లేదు. పూర్వం వరాహమిహిరుడు కూడా చెట్లనూ పుట్టలనూ చూసి నీటి జాడ చెప్పొచ్చని రాశాడట. మా పెద్దాయనది అంత పరిశీలన కూడా కాదు, నమ్మకమే. మీరు ఇరవై నిమిషాల్లో పని ముగించి, కాగితం ఇవ్వకుండా, ఇంచులతో సహా జోస్యం చెబితే మీకూ ఆయనకూ తేడా ఏముంది? ఫీజు ఒక్కటే తేడా.

మేం అడిగేవి ఇవీ.

ఒకటి. సర్వే చేసిన ప్రతి రైతుకూ రీడింగుల కాగితం ఇవ్వండి. తెలుగులో ఇవ్వండి. తేదీ, పొలం సర్వే నంబరు, ఏ మిషన్, ఏ పద్ధతి, వైరు ఏ దిక్కుకు, ఎంత దూరం లాగారు, ఒక్కో దూరానికి వచ్చిన రీడింగ్, దాన్నిబట్టి మీరు అనుకున్న పొరలు, వాటి లోతులు, కింద మీ సంతకం. కొందరు ఇప్పుడు కరెంటు పంపకుండా రెండు కడ్డీలు పాతి ఫోన్‌లో రంగుల బొమ్మ చూపిస్తున్నారు. అది వేరే పద్ధతి అయితే ఆ సంగతీ రాయండి. "మీకు అర్థం కాదు" అనకండి. మాకు అర్థం కాకపోతే అర్థమయ్యేవాళ్లకు చూపించుకుంటాం. ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసినా ఫిల్ము మా చేతికే ఇస్తారు. డబ్బు కట్టి చేయించుకున్న సర్వే రీడింగులు మావి.

రైతులు లెక్కలు అర్థం చేసుకోలేరన్న మాట ఈ జిల్లాలో చెల్లదు. 2000ల తొలి దశకంలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతో రైతులే భూగర్భ జలాలను చూసుకునే పథకం ఒకటి అనంతపురంతో సహా ఏడు కరువు జిల్లాల్లో నడిచింది. అప్పుడు మాలాంటి రైతులూ ఆడవాళ్లూ బోరులోకి టేపు దించి నీటిమట్టం కొలిచారు, వాన కొలిచారు, ఊరికి ఎన్ని నీళ్లున్నాయో గోడ మీద రాసుకుని దాన్నిబట్టి పంటలు వేసుకున్నారు. అంత చేసినవాళ్లకు ఒక రీడింగుల కాగితం బరువా?

రెండు. తెలియనిది తెలియదని చెప్పండి. "మొరం పొర 70 అడుగుల వరకూ ఉన్నట్టుంది, అందులో నీళ్లు పడే అవకాశం ఉంది, ఆ కింద సంగతి ఈ సర్వే చెప్పలేదు" అని రాసివ్వండి. ఎన్ని అడుగుల దగ్గర ఆపేయాలో కూడా రాసివ్వండి. ఆ ఒక్క అంకె నా చేతిలో ఉండి ఉంటే నేను ఆ రాత్రి నూట యాభై అడుగుల దగ్గరే ఆపేసేవాణ్ణి. "ఇక్కడ వద్దు" అని చెప్పినా ఫీజు పూర్తిగా తీసుకోండి. ఈ మాట రైతులకు కూడా చెబుతున్నాను. వద్దని చెప్పినాయనకు డబ్బులు ఎగ్గొట్టి, పడతాయని చెప్పినాయనకు శాలువా కప్పే అలవాటు మనలో ఉంది. మనం ఇలా ఉన్నంతకాలం ఎవరైనా పడతాయనే చెబుతారు.

మూడు. పాయింట్ చూసే మనిషికీ రిగ్గుకూ మధ్య డబ్బు సంబంధం ఉండకూడదు. బోరు ఎంత లోతు పోతే రిగ్గుకు అంత ఆదాయం. ఆ ఆదాయంలో పాయింట్ చూసినాయనకు వాటా ఉంటే లోతు తగ్గించి ఎవరు చెబుతారు? అందరూ ఇలా చేస్తారని నేను అనడం లేదు. కమీషన్ తీసుకోవడం లేదని రసీదు మీద ఒక ముక్క రాసివ్వండి, చాలు.

నాలుగు. రిగ్గువాళ్లు ప్రతి బోరుకూ లాగ్ రాసి రైతుకు ఇవ్వాలి. ప్రతి పదడుగులకూ ఏం వచ్చింది, మట్టా, మొరమా, రాయా, దుమ్ము రంగేమిటి, తడి ఎక్కడ తగిలింది, నీళ్లు పడితే ఏ లోతున, కేసింగ్ ఎన్ని అడుగులు. ఇది రాయడానికి చదువు అక్కర్లేదు. రిగ్గు దగ్గర పనిచేసే కుర్రాళ్లకు ఈ సంగతులు నాకంటే బాగా తెలుసు. తెల్లారితే అన్నీ మరిచిపోతున్నాం, అంతే.

ఐదు. అధికారులకు ఇది. 2002లో వచ్చిన వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం ప్రకారం రిగ్గుకు రిజిస్ట్రేషన్ ఉండాలి, కొత్త బోరుకు అనుమతి ఉండాలి. సుప్రీంకోర్టు ఆదేశాల ప్రకారం బోర్ల లెక్క ఉండాలి. ఈ రెండింటినీ కలిపి ప్రతి గ్రామ సచివాలయంలో ఒక బోర్ల రిజిస్టరు పెట్టండి. నీళ్లు పడినవే కాదు, పొడి బోర్లు కూడా రాయండి. సర్వే ఏం చెప్పింది, డ్రిల్లింగులో ఏం వచ్చింది, రెండూ పక్కపక్కన రాయండి. పొడి బోరంటే లక్ష రూపాయలు పెట్టి భూమి లోపలికి తొంగి చూడడమే కదా. ఆ చూసింది ఎవరికీ ఉపయోగపడకుండా పోతోంది. నా నాలుగు బోర్లలో ఏ లోతున ఏ రాయి తగిలిందో పక్క రైతుకు తెలిస్తే ఆయన ఐదోది వేయడు. వచ్చే జియాలజిస్టుకు తెలిస్తే ఆయన రీడింగుల్లో సుద్ద ఏదో, తడి మొరం ఏదో తేల్చుకోవడం సులువవుతుంది. ఎవరి సర్వేలు నిజమవుతున్నాయో కూడా రెండు మూడేళ్లలో ఊరికే తెలిసిపోతుంది. బాగా పనిచేసేవాళ్లకు దీనివల్ల మేలే.

ఆరు. ఇప్పటికే ఉన్న సమాచారం మా దాకా తెండి. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ ఉపగ్రహ చిత్రాలతో భూగర్భ జలాల పటాలు తయారుచేసింది. కేంద్ర భూగర్భ జల మండలి 2012 నుంచి నీటి పొరల మ్యాపింగ్ చేస్తోంది. సరిహద్దు అవతల కర్ణాటకలోని తుముకూరు జిల్లా అంకసంద్రలో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ అయిన ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు హెలికాప్టర్‌కు పరికరం కట్టి నేల లోపలి పొరలను చూశారు. ఇంత పెద్ద పనులు చేసిన దేశంలో ఆ పటం ముక్క ఒకటి మా సచివాలయం గోడ మీద ఎందుకు లేదు? పగుళ్ల వరసలు, డైకులు, మొరం మందంగా ఉండే చోట్లు మా సర్వే నంబర్లతో తెలుగులో గీసి పెట్టండి. మిషన్ దించే ముందు అది చూస్తే సగం తప్పులు తగ్గుతాయి.

ఏడు. ప్రభుత్వ ఖర్చుతో జరిగే సర్వేల్లో రోజుకు ఎన్ని పాయింట్లు అన్న టార్గెట్ పెట్టకండి. ఒక పాయింటు సరిగా చూడాలంటే వైరు చాచడానికి చోటు కావాలి, గంటకు పైగా టైము కావాలి, నలుగురు మనుషులు కావాలి. రోజుకు పది చూడమంటే ఎంత నిజాయతీపరుడైనా ఇరవై నిమిషాల మనిషి అవుతాడు. రీడింగుల కాగితం సరిగా ఉంటేనే బిల్లు ఇవ్వండి.

ఎనిమిది. ఈ మిషన్లను నీళ్లు తోడుకోవడానికే కాదు, నింపుకోవడానికీ వాడండి. ఊట చెరువు ఎక్కడ తవ్వితే నీళ్లు కిందికి దిగుతాయో, ఎక్కడ తవ్వితే రాతి మీద నిలబడి ఎండకు ఆవిరైపోతాయో చెప్పగలిగేది ఇదే సర్వే. మొరం పొర ఎక్కడ మందంగా ఉందో తెలిస్తే చాలు. మా ఊరి ఊట చెరువు గట్టిరాతి మీద తవ్వారు. కట్ట అవతల బావిలో చుక్క పెరగలేదు. తవ్వే ముందు ఒక్క పూట సర్వే చేసి ఉంటే ఆ డబ్బు మిగిలేది.

వీటిలో కొత్త చట్టం కావాల్సింది ఏదీ లేదు. మొదటి నాలుగూ మీరు రేపటి నుంచే మొదలుపెట్టవచ్చు. మిగతావి కలెక్టరు స్థాయిలో ఒక ఆదేశంతో అయ్యే పనులు.

మా వైపు నుంచి మేము మొదలుపెట్టాం. మా అబ్బాయి, వాడి స్నేహితులు ఇద్దరు, రెండు నెలలుగా సాయంత్రాలు ఇళ్లిళ్లూ తిరిగి బోర్ల వివరాలు రాస్తున్నారు. 200 పేజీల నోటుబుక్కులో ఇప్పటికి 37 బోర్లు ఎక్కాయి. ఏ ఏడు వేశారు, ఎంత లోతు, కేసింగ్ ఎంత, గుర్తున్నంత వరకు ఏ అడుగున ఏం వచ్చింది, ఇప్పుడు నీళ్లున్నాయా లేవా. మూతలేని బోర్లు ఎనిమిది కనిపించాయి, వాటిని మేమే రాళ్లూ మట్టీ పోసి పూడ్చాం. పుస్తకంలో రీడింగుల కోసం గీసిన గడి మాత్రం మొదటి పేజీ నుంచి చివరి దాకా ఖాళీగా ఉంది. మీలో ఎవరు మా ఊరు వైపు వచ్చినా ఆ పుస్తకం మీ ముందు పెడతాం. వైరు పట్టుకోవడానికి, కడ్డీలు పాతడానికి, నీళ్లు మోసుకురావడానికి మనుషులం మేమున్నాం. మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే. వెళ్లేటప్పుడు ఆ గడి నింపి వెళ్లండి.

ఇట్లు,
నాలుగు బోర్లు వేసిన ఒక మెట్ట రైతు,
అనంతపురం జిల్లా